ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకు నిద్ర ఎందుకు పట్టదు? అందులో మందు పాత్ర ఎంత?



ఈ మధ్య తల్లిదండ్రుల సమావేశాల్లో ఒకే ప్రశ్న రకరకాల మాటల్లో నా దగ్గరికి వస్తోంది. "సార్, మాత్ర వేస్తే క్లాసులో కుదురుగా ఉంటున్నాడని టీచరమ్మ అంటున్నారు. గాని రాత్రి పదకొండైనా కన్ను మూయడం లేదు. మాత్ర ఆపెయ్యమంటారా?" కొందరు అడక్కుండానే ఆపేశారు. ఇంకొందరు ఎవరికీ చెప్పకుండా పిల్లవాడికి జలుబు సిరప్ పోసి పడుకోబెడుతున్నారు. అందుకే ఈ విషయం గురించి తెలిసినంతవరకు ఒకచోట రాసి పెడుతున్నాను.

నేను డాక్టర్ని కాను. మాత్ర వెయ్యమనీ, ఆపమనీ చెప్పడం నా పని కాదు. అయితే నిద్ర సమస్యను డాక్టరు దగ్గర ఎలా చెప్పాలో, చెప్పే ముందు ఇంట్లో ఏం గమనించాలో తెలిస్తే మీకు సగం పని తగ్గుతుంది. నిద్ర పట్టకపోతే దానికి మాత్రే కారణమని వెంటనే తేల్చెయ్యకండి. కారణం మాత్రే అయినా, చాలాసార్లు వేసే టైము మార్చడంతోనో, మోతాదు సర్దడంతోనో సరిపోతుంది. ఆ మార్పు చెయ్యాలంటే డాక్టరుకు మీ ఇంటి రాత్రి ఎలా గడుస్తోందో తెలియాలి.

అసలు ఈ ఏడీహెచ్‌డీ ఏమిటి

అటెన్షన్ డెఫిసిట్ హైపరాక్టివిటీ డిజార్డర్ అన్న పొడుగు పేరుకు పొట్టి రూపం ఇది. ధ్యాస నిలవకపోవడం, కాలూ చెయ్యీ నిలవకపోవడం, ఆలోచించే లోపే పని చేసెయ్యడం దీని లక్షణాలు. కొందరిలో మొదటిది మాత్రమే కనిపిస్తుంది. ఆడపిల్లల్లో ఎక్కువగా ఇలాగే ఉంటుంది కాబట్టి కిటికీ వైపు చూస్తూ కూర్చున్న అమ్మాయిని ఎవరూ పట్టించుకోరు.

అల్లరి చేసే ప్రతి పిల్లవాడికీ ఇది ఉన్నట్టు కాదు. లక్షణాలు 12 ఏళ్ల లోపే మొదలై ఉండాలి, కనీసం ఆరు నెలలుగా ఉండాలి, ఇంట్లోనూ బడిలోనూ, అంటే కనీసం రెండు చోట్ల కనిపించాలి. అప్పుడే డాక్టర్లు ఆ పేరు పెడతారు. ప్రపంచం మొత్తం మీద నూటికి సుమారు ఐదుగురు పిల్లలకు ఉంటుందని అంచనా. మన తమిళనాడులోనే కోయంబత్తూరులో నాలుగు బడుల్లో 6 నుంచి 11 ఏళ్ల పిల్లలు 770 మందిని పరీక్షించి 2013లో ఫలితాలు ప్రచురించారు. అందులో 11.32 శాతం మందికి ఉన్నట్టు తేలింది. చూసే పద్ధతిని బట్టి లెక్క మారుతుంది. ఐదు శాతమే అనుకున్నా, నలభై మంది ఉన్న తరగతిలో ఇద్దరు ఉంటారు. కాబట్టి మీ బిడ్డ ఒక్కడే ఇలా ఉన్నాడని దిగులు పడకండి, దాచుకోవలసిన విషయం అంతకన్నా కాదు.

మాత్రకు ముందే ఉన్న సమస్య

ఆకలి రుచి ఎరగదు, నిద్ర సుఖమెరగదు అంటాం. ఈ పిల్లల విషయంలో ఆ రెండో సగం పనిచెయ్యదు. ఒళ్లు అలిసిపోయినా బుర్ర ఆగదు. పక్క మీద అటూ ఇటూ దొర్లడం, నీళ్లు కావాలని లేవడం, తొమ్మిదిన్నరకు రేపటి ప్రాజెక్టు గుర్తు రావడం, మళ్లీ లేవడం.

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఏడీహెచ్‌డీ ఉన్న 239 మంది పిల్లల తల్లిదండ్రుల్ని అడిగి చూస్తే 73 శాతం మంది తమ బిడ్డకు ఏదో ఒక నిద్ర సమస్య ఉందన్నారు. ఇది 2008లో ప్రచురించిన లెక్క. అందులో సగానికి పైగా ఓ మోస్తరు నుంచి తీవ్రమైన సమస్యలే. మందు ఇంకా మొదలుపెట్టని పిల్లల్లో కూడా నిద్ర ఆలస్యంగా పట్టడం మామూలే. చీకటి పడ్డాక మెదడులో మెలటోనిన్ అనే రసాయనం ఊరుతుంది, అది ఒంటికి "ఇక పడుకో" అని చెప్పే సంకేతం. ఈ పిల్లల్లో కొందరికి ఆ సంకేతం మిగతావాళ్లకన్నా ఆలస్యంగా మొదలవుతుంది. అంటే వాడు మొండికేసి మేలుకొని ఉండటం లేదు, వాడి ఒంట్లో గడియారమే కాస్త వెనక నడుస్తోంది.

ఎంత నిద్ర కావాలి? 6 నుంచి 12 ఏళ్ల వాళ్లకు రోజుకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటలు అని 2016లో అమెరికా నిద్ర వైద్యుల సంఘం చెప్పింది. ఐదో తరగతి పిల్లవాడు రాత్రి 11కు పడుకుని పొద్దున 6కు లేస్తే ఏడు గంటలే. రోజుకు రెండు గంటల చొప్పున తక్కువ. సోమవారం నుంచి శుక్రవారానికి పది గంటలు, అంటే ఒక పూర్తి రాత్రి నిద్ర పోయినట్టే.

ఇంకో చిక్కు ఉంది. నిద్ర చాలకపోతే పెద్దవాళ్లు తూగుతారు. పిల్లలు తూగరు, ఇంకా రెచ్చిపోతారు. కోపం, ఏడుపు, మాట వినకపోవడం, పుస్తకం ముందు నిలవలేకపోవడం ఎక్కువవుతాయి. చూసేవాళ్లకు ఏడీహెచ్‌డీ పెరిగినట్టే ఉంటుంది. అప్పుడు "మాత్ర పనిచెయ్యడం లేదు, డోసు పెంచండి" అని అడుగుతాం. డోసు పెరిగితే నిద్ర ఇంకా తగ్గవచ్చు. ఈ వలయంలో పడకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

గురక, రక్తహీనత: ముందు ఇవి చూడండి

మీ బిడ్డ వారంలో చాలా రాత్రుళ్లు గురక పెడుతున్నాడా? నోరు తెరిచి నిద్రపోతాడా? మధ్యలో ఊపిరి ఆగినట్టై ఒక్కసారి గట్టిగా పీలుస్తాడా? టాన్సిల్స్, ముక్కు వెనకాల ఉండే ఎడినాయిడ్స్ వాచి దారి మూసుకుంటే ఇలా జరుగుతుంది. పది గంటలు పడుకున్నా నిద్ర నిద్రలా ఉండదు, పగలు ధ్యాస ఉండదు. అమెరికాలో 5 నుంచి 9 ఏళ్ల పిల్లలు 464 మంది మీద జరిపిన పరీక్ష ఫలితాలు 2013లో వచ్చాయి. ఆపరేషన్ చేసిన పిల్లల్లో నిద్ర, ప్రవర్తన బాగుపడ్డాయి. ధ్యాసను కొలిచే పరీక్షల్లో మాత్రం పెద్ద తేడా రాలేదు. కాబట్టి టాన్సిల్స్ తీసేస్తే ఏడీహెచ్‌డీ పోతుందని ఎవరైనా అంటే నమ్మకండి, అలాగని గురకను వదిలెయ్యకండి. సెల్‌ఫోన్‌లో ఒక నిమిషం రికార్డు చేసి డాక్టరుకు వినిపించండి, అది చాలు.

రెండోది రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఐరన్ తక్కువైతే కొంతమంది పిల్లలకు రాత్రిపూట కాళ్లు లాగుతున్నట్టు, ఏదో పాకుతున్నట్టు ఉంటుంది. కదిపితే గాని ఊరట ఉండదు. "కాళ్లు పిసుకమ్మా" అని అడిగే పిల్లల్ని మనం పగలంతా ఆడి వచ్చారనుకుంటాం. రక్త పరీక్షతో పాటు ఫెరిటిన్ పరీక్ష కూడా అవసరమా అని డాక్టర్ని అడగండి. ఐరన్ మాత్రలు మాత్రం సొంతంగా మొదలుపెట్టకండి.

మందు ఏం చేస్తుంది

మన ఊళ్లో డాక్టర్లు ఎక్కువగా రాసేది మిథైల్‌ఫెనిడేట్. మెదడులో డోపమిన్, నారడ్రినలిన్ అనే రెండు రసాయనాలు ఒక నరం నుంచి ఇంకో నరానికి కబురు మోస్తాయి. పని అయిపోగానే అవి వెనక్కి వెళ్లిపోతాయి. ఈ మందు వాటిని కాస్త ఎక్కువసేపు అక్కడే ఉండనిస్తుంది. దాంతో ధ్యాస నిలుస్తుంది. ఇది మత్తుమందు కాదు, పిల్లవాణ్ని పడుకోబెట్టి అల్లరి మాన్పించేది అసలే కాదు. నిజానికి మెలకువను పెంచే జాతి మందు. అందుకే రాత్రి వరకూ ఒంట్లో మిగిలితే నిద్రకు అడ్డుపడుతుంది.

పాత మందే ఇది. 1944లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీలో లియాండ్రో పానిజోన్ అనే ఆయన తయారుచేశాడు. భార్య పేరు రీటా, అందుకే రిటాలిన్ అన్న పేరు వచ్చింది. మన దేశంలో వేరే పేర్లతో దొరుకుతుంది.

మీరు తెలుసుకోవలసింది అది ఎంతసేపు పనిచేస్తుందన్నది. మామూలు మాత్ర వేసిన అరగంట, గంటలో మొదలై సుమారు నాలుగు గంటలు ఉంటుంది. నెమ్మదిగా కరిగే రకం ఆరు నుంచి ఎనిమిది గంటలు. ఇంకా పొడుగు రకాలు పది, పన్నెండు గంటల దాకా ఉంటాయి. మీ చీటీలో ఉన్నది ఏ రకమో మీకు తెలుసా? చాలామందికి తెలియదు. మాత్ర పేరు పక్కన ఎస్.ఆర్. అనో, ఇ.ఆర్. అనో ఉంటే అది నెమ్మదిగా కరిగేది. దాన్ని నలిపి, నమిలి మింగితే పన్నెండు గంటల మందు ఒక్కసారిగా ఒంట్లోకి వెళ్తుంది. ఇడ్లీలో పొడి చేసి పెట్టే అమ్మలు ఈ మాట గుర్తుంచుకోవాలి. మింగలేకపోతే డాక్టర్ని అడగండి, వేరే దారి చెప్తారు.

నిద్ర మీద ప్రభావం ఉంటుందన్నది నిజమే. 2015లో తొమ్మిది అధ్యయనాలను, అంటే 246 మంది పిల్లల వివరాలను కలిపి చూశారు. ఈ జాతి మందులు వేసుకున్న పిల్లలకు నిద్ర పట్టడానికి ఎక్కువసేపు పట్టింది, మొత్తం నిద్రా తగ్గింది. రోజుకు ఎక్కువసార్లు వేసుకున్నవాళ్లకు ఆలస్యం ఎక్కువ. మరో పక్క, చాలాకాలంగా వాడుతున్నవాళ్లలో నిద్ర చెదరడం తక్కువగా కనిపించింది. అంటే మొదలుపెట్టిన మొదటి వారాలే కష్టం, తర్వాత చాలామందికి సర్దుకుంటుంది. మొదటి వారంలోనే విసిగిపోయి ఆపేస్తే ఆ సర్దుబాటు చూడకుండానే పోతారు.

ఇంకో రకం రాత్రి కూడా ఉంది, దాన్ని మొదటిదానితో కలిపెయ్యకూడదు. మందు ప్రభావం సాయంత్రం దిగిపోయేటప్పుడు కొందరు పిల్లలకు పగలంతా అణిగిన చంచలత్వం ఒక్కసారిగా పైకి వస్తుంది. ఆరు, ఏడు గంటల మధ్య చిరాకు, ఏడుపు, తమ్ముణ్ని కొట్టడం. ఆ ఊపు దిగేసరికి పడుకునే టైము దాటిపోతుంది. ఇక్కడ నిద్ర పట్టకపోవడానికి కారణం మందు మిగిలి ఉండటం కాదు, అయిపోవడం. మొదటి రకానికి మందు ముందుకు జరపాలి. ఈ రెండో రకంలో కొన్నిసార్లు డాక్టర్లు సాయంత్రం చిన్న మోతాదు కలుపుతారు, దాంతో పిల్లవాడు ఇంకా బాగా పడుకుంటాడు! వినడానికి విచిత్రంగా ఉంటుంది. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టే మన ఊహ మీద నిర్ణయం తీసుకోకూడదని చెప్పడం.

ఆదివారం మాత్ర, నిండుగా తిరిగొచ్చే టిఫిన్ బాక్సు

మన ఇళ్లలో ఎక్కువగా జరిగేవి ఈ రెండూ. బడి రోజుల్లో మాత్ర పొద్దున ఏడింటికి వేస్తారు. ఆదివారం పిల్లవాడు పదింటికి లేస్తాడు, అప్పుడు వేస్తారు. అది పన్నెండు గంటల రకమైతే రాత్రి పదింటి దాకా పనిచేస్తుంది. ఆ రాత్రి నిద్ర పట్టదు. సోమవారం పొద్దున లేవడు. వారం మొత్తం ఆ దెబ్బ. సోమవారం మొదటి పీరియడ్‌లో తలవాల్చే పిల్లల్ని గురించి మా టీచర్లు చెప్పేది ఇదే. ఆదివారం కూడా అదే టైముకు లేపి టిఫిన్ పెట్టి మాత్ర వేస్తే మేలు. ఏ టైము దాటితే ఆ రోజు మానెయ్యాలో డాక్టర్ని అడిగి చీటీ మీద రాయించుకోండి.

రెండోది ఆకలి. ఈ మందు మధ్యాహ్నం ఆకలిని చంపేస్తుంది. పెరుగన్నం డబ్బా మూత కూడా తియ్యకుండా తిరిగొస్తుంది. మందు దిగాక రాత్రి తొమ్మిదింటికి ఆకలి విరుచుకుపడుతుంది. అప్పుడు దోసెలు పోస్తాం. నిండు కడుపుతో నిద్ర ఎక్కడ వస్తుంది? మాత్రకు ముందు పొద్దున కడుపు నిండా పెట్టండి. బడి నుంచి రాగానే, నాలుగున్నరకో ఐదుకో, బిస్కట్లు కాకుండా అన్నమో, గుడ్డో, సుండలో పెట్టండి. రాత్రి భోజనం ఎనిమిది లోపు తేలికగా ముగించండి. ఎత్తు, బరువు ఆరు నెలలకోసారి చూడాలి. ఇంట్లో తూకం లేకపోతే బడిలో చూసి రాసిస్తాం.

కాఫీ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. సాయంత్రం ఫిల్టర్ కాఫీ పిల్లలకు కూడా ఒక గ్లాసు పొయ్యడం మన పెరంబూరు ఇళ్లలో ఉన్నదే. కాఫీ, టీ, కోలా అన్నీ మెలకువ పెంచేవే. మెలకువ పెంచే మందు ఒంట్లో ఉండగా ఆరింటికి కాఫీ కూడా తాగించి, రాత్రి నిద్రపోలేదని మాత్రను తిట్టడం న్యాయం కాదు. ముందు రెండు వారాలు కాఫీ ఆపి చూడండి.

వేరే మందులు

మిథైల్‌ఫెనిడేట్ సరిపడకపోతే డాక్టర్లు అటమాక్సిటిన్ రాస్తారు. ఇది వేసిన రోజే పనిచెయ్యదు, పూర్తి ఫలితం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నిద్ర విషయంలో నయం. 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో 85 మంది పిల్లలకు రెండు మందులూ వేర్వేరు కాలాల్లో ఇచ్చి చూశారు. రోజుకు మూడుసార్లు మిథైల్‌ఫెనిడేట్ తీసుకున్నప్పుడు నిద్ర పట్టడం సగటున 39 నిమిషాలు వెనక్కి జరిగింది, అటమాక్సిటిన్‌తో 12 నిమిషాలే. కొందరికి దీనితో పగలు మగత, కడుపులో వికారం ఉంటాయి.

క్లోనిడిన్ అసలు రక్తపోటు మందు. చిన్న మోతాదులో ఈ పిల్లలకు ఇస్తే అతి చలాకీతనం తగ్గుతుంది, మగత కూడా వస్తుంది. దీన్ని ఎట్టి పరిస్థితిలోనూ ఒక్కసారిగా ఆపకూడదు, రక్తపోటు పెరుగుతుంది. ఊరికి వెళ్లేటప్పుడు మరిచిపోయి వెళ్లడం కూడా ఆపినట్టే లెక్క.

మెలటోనిన్ మాత్రల గురించి ఇప్పుడు చాలామంది అడుగుతున్నారు. నెదర్లాండ్స్‌లో ఏడీహెచ్‌డీ ఉండి నిద్ర పట్టని 105 మంది పిల్లలకు ఇచ్చి చూస్తే నిద్ర సుమారు 27 నిమిషాలు ముందుకు వచ్చింది. ప్రవర్తనలో మాత్రం మార్పు లేదు. 2007 నాటి ఫలితం ఇది. అంటే ఉపయోగం ఉంది, దానికో హద్దూ ఉంది. ఆన్‌లైన్‌లో బొమ్మల డబ్బాల్లో అమ్మేవి చాక్లెట్లలా కొనివ్వకండి. ఎంత, ఎప్పుడు అన్నది డాక్టరే చెప్పాలి. ఇక జలుబు, దగ్గు సిరప్పులతో పడుకోబెట్టడం పూర్తిగా మానండి. కొందరు పిల్లలకు అవి నిద్రకు బదులు ఇంకా అలజడి తెస్తాయి, వచ్చినా మర్నాడు పొద్దున తల బరువు వదలదు.

మిథైల్‌ఫెనిడేట్ దొరకడం గురించి ఒక ముఖ్యమైన సంగతి. ఇది మన మందుల నిబంధనల్లో షెడ్యూల్ ఎక్స్ కిందికి వస్తుంది. ప్రత్యేక లైసెన్సు ఉన్న షాపుల్లోనే ఇస్తారు. చీటీ రెండు కాపీలు కావాలి, ఒకటి షాపువాళ్లు రెండేళ్లు దాచుకోవాలి. వీధి చివర మెడికల్ షాపులో అడిగితే లేదంటారు, కొందరు అనుమానంగా కూడా చూస్తారు. దానికి బాధపడకండి. మాత్రలు అయిపోయే వారం ముందే చూసుకోండి. మూడు రోజులు ఉండి రెండు రోజులు లేకపోతే నిద్ర గాడిలో పడదు.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సిన నోటుబుక్కు

"నిద్రపోవడం లేదండీ" అని చెబితే డాక్టరుకు ఏమీ తెలియదు. మా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులకు నేను చెప్పేది, ఒక పాత నోటుబుక్కు తీసుకుని రెండు వారాలు రాయమని. లేచిన టైము. మాత్ర వేసిన టైము. మధ్యాహ్నం డబ్బా ఖాళీ అయిందా. సాయంత్రం నిద్రపోయాడా, ఎంతసేపు. చిరాకు ఎప్పుడు మొదలైంది. లైటు ఆపిన టైము, నిజంగా నిద్ర పట్టిన టైము. రాత్రి ఎన్నిసార్లు లేచాడు, గురక ఉందా. ఇంతే.

మందు ఇంకా మొదలుపెట్టనివాళ్లకైతే ఇది మరీ అవసరం. మొదటి మాత్రకు ముందే ఒక వారం రాసి పెట్టుకోండి. అది లేకపోతే తర్వాత వచ్చిన ప్రతి ఇబ్బందికీ మాత్రే కారణంలా కనిపిస్తుంది.

మన పెద్దాసుపత్రుల్లో డాక్టరు తమిళంలో అడుగుతారు, మనం కంగారులో సగం మర్చిపోతాం. టైములు అంకెల్లో రాస్తే ఏ భాష డాక్టరుకైనా ఒక్క చూపులో అర్థమవుతుంది. టీచరు నింపవలసిన ఇంగ్లీషు ఫారం ఇస్తే బడికి తెండి. నింపి కవరులో పెట్టి ఇస్తాం, మీకు కావాలంటే తెలుగులో చదివి వినిపిస్తాం. ఆ సంగతి క్లాసులో ఎవరికీ తెలియనివ్వం.

ఇంట్లో చెయ్యగలిగింది

మెల్‌బోర్న్ వైద్యులే 244 మంది పిల్లల మీద ఇంకో పరీక్ష చేశారు, ఫలితాలు 2015లో వచ్చాయి. పిల్లల వయసు 5 నుంచి 12. చాలామంది అప్పటికే మందు వాడుతున్నవాళ్లు. తల్లిదండ్రులను రెండుసార్లు కూర్చోబెట్టి నిద్ర అలవాట్లు నేర్పించారు, ఒకసారి ఫోన్ చేశారు. అంతే. మందు ఆపించలేదు. ఆ పిల్లల్లో నిద్ర బాగుపడింది, ఏడీహెచ్‌డీ లక్షణాలు కొంత తగ్గాయి, ఆరు నెలల తర్వాత చూసినా ఆ మేలు నిలిచే ఉంది. డబ్బు ఖర్చు లేని పని కాబట్టి మన ఇళ్లలోనూ చెయ్యవచ్చు.

పదకొండింటికి గాని నిద్రపట్టని పిల్లవాణ్ని తొమ్మిదింటికి పక్క మీద పడేస్తే రెండు గంటలు యుద్ధమే. దానికి బదులు మొదట పదిముప్పావుకే పడుకోబెట్టండి. త్వరగా నిద్ర పట్టడం మొదలయ్యాక మూడు, నాలుగు రోజులకు పావుగంట చొప్పున ముందుకు జరపండి. పొద్దున లేచే టైము మాత్రం ఒక్కటే ఉండాలి. మాటిమాటికీ లేచే చిన్నపిల్లలకు ఒక అట్టముక్క చీటీ ఇవ్వండి. రాత్రికి ఒక్కసారి ఆ చీటీ ఇచ్చి నీళ్లో, బాత్రూమో, ఇంకో ముద్దో అడగవచ్చు. చీటీ అయిపోతే పొద్దుటి దాకా పక్కే. పిల్లలు దీన్ని ఆటలా తీసుకుంటారు.

మన ఇళ్ల సంగతి నాకు తెలుసు. ఒకటే హాలు, అందులోనే టీవీ, అందులోనే పక్కలు. నాన్నకు ఐసీఎఫ్‌లోనో, క్యారేజ్ వర్క్స్‌లోనో షిఫ్టు, వచ్చేసరికి తొమ్మిది. పిల్లవాడు నాన్న కోసం మేలుకొని ఉంటాడు, దాన్ని తప్పనలేం. అయితే సీరియల్ శబ్దం తగ్గించడం, ట్యూబ్‌లైటు ఆపి చిన్న బల్బు వెయ్యడం, పక్కను టీవీకి దూరంగా ఒక మూలకు జరపడం ఎవరైనా చెయ్యగలరు. ఏప్రిల్, మే ఉక్కపోతలో పడుకునే ముందు గోరువెచ్చని నీళ్ల స్నానం, దోమతెర. తెలుగు, ఇంగ్లీషు, తమిళం మూడూ చదవాలని ట్యూషన్ ఎనిమిదిన్నర దాకా పెట్టేవాళ్లున్నారు. ఈ పిల్లలకు ఆ టైములో బుర్రకెక్కేది తక్కువ. ఏడున్నర లోపు ముగిసే ట్యూషన్ చూడండి, లేదంటే మానిపించండి. హోంవర్కు విషయంలో మా వైపు నుంచి ఏం తగ్గించాలో క్లాసు టీచరుతో మాట్లాడండి.

పిల్లలూ, ఇది మీకు

ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లు ఇది మీ అంతట మీరే చదవండి. నిద్ర పట్టకపోవడం నీ తప్పు కాదు. కాని పట్టడం లేదని ఫోన్ తీస్తే గంట పోతుంది, నిద్ర ఇంకా వెనక్కి పోతుంది. ఫోన్ తొమ్మిదింటికి వంటింట్లో ఛార్జింగ్‌కు పెట్టెయ్యి. బడి నుంచి వచ్చి ఐదు నుంచి ఏడు దాకా పడుకోవద్దు, మరీ అలిసిపోతే ఇరవై నిమిషాలు చాలు. మాత్ర వేసుకున్నాక గుండె దడ, తలనొప్పి, కడుపునొప్పి, మనసు దిగులుగా ఉండటం లాంటివి ఉంటే అమ్మకు చెప్పు. "బాగానే ఉంది" అని దాటెయ్యకు. మాత్రను నాలుక కింద దాచి ఉమ్మెయ్యడం, స్నేహితుడికి ఇవ్వడం రెండూ ప్రమాదమే. నీకు సరిపడిన మోతాదు ఇంకొకడికి సరిపడదు.

ఎక్కడికి వెళ్లాలి

రైల్వే ఉద్యోగుల పిల్లలైతే పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో పిల్లల డాక్టరుతో మొదలుపెట్టండి. మిగతావాళ్లకు ఎగ్మూరులోని ప్రభుత్వ పిల్లల ఆసుపత్రి ఉంది. మనకు దగ్గరలోనే, కీళ్‌పాక్‌లోని మానసిక ఆరోగ్య సంస్థలో పిల్లల్ని కూడా చూస్తారు. 1794లో మొదలైన సంస్థ అది. ఆ గేటు లోపలికి వెళ్తే ఎవరైనా చూస్తారేమోనని వెనకాడేవాళ్లు ఇంకా ఉన్నారు. పంటినొప్పికి పంటి డాక్టరు దగ్గరికి వెళ్లినట్టే ఇదీ. 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలకు పరీక్షలు ఉచితం, వాళ్ల జాబితాలో ఏడీహెచ్‌డీ కూడా ఉంది. ముందుగా ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ నంబరు 14416. ఇరవైనాలుగు గంటలూ ఉచితం, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

గుండె దడ ఎక్కువైనా, ఛాతీలో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా, లేనివి కనిపిస్తున్నాయన్నా, చచ్చిపోవాలని ఉందన్నా రెండు వారాల నోటుబుక్కు కోసం ఆగకండి. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

పదో తరగతి తల్లిదండ్రులకు విడిగా ఒక మాట. పరీక్షలకు నెల ముందు మందు మార్చడం, ఆపడం, మోతాదు పెంచడం పెట్టుకోకండి. మార్చాల్సిందేదైనా ఉంటే అర్ధసంవత్సర పరీక్షల సెలవుల్లో డాక్టర్ని కలిసి మార్పించుకోండి, బిడ్డ నిద్ర కుదుటపడటానికి టైము ఉంటుంది. నోటుబుక్కు ఎలా గీయాలో తెలియనివాళ్లు ఏ పని రోజైనా సాయంత్రం నాలుగు తర్వాత ఆఫీసుకు రండి, ఒక పేజీ గీసి ఇస్తాం.